నురగలో మన వాటా

సత్యోపదేశం తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు: "ఫాదర్, హైదరాబాదులో మంచు పడుతుందా?" వాడు చూసిన ఫోటో కూకట్‌పల్లి ప్రాంతంలోని ధరణి నగర్‌ది. భారీ వానలకు పరికి చెరువు నుండి వచ్చే నాలా పొంగితే, తెల్లటి నురగ వీధులను కప్పి ఇళ్ళ గుమ్మాల దాకా వస్తుంది. చూపుకు మంచే. దగ్గరికి వెళితే ముక్కు మూసుకోవాలి. బెంగళూరులోని బెళ్ళందూరు చెరువులో 2015లో నురగకు నిప్పే అంటుకుంది.

ఆశ్చర్యపడి ఊరుకుంటే చాలదు. కారణం తెలిసినప్పుడే విషయం తెలిసినట్లని తత్వశాస్త్రం నేర్పుతుంది.

మొదటి కారణం సబ్బుపొడి. దాని అణువుకు ఒక కొన నీటిని పట్టుకుంటుంది, రెండవ కొన జిడ్డును పట్టుకుంటుంది. బట్టల మురికిని వదిలించే ఈ గుణమే నీటి పైపొర బిగువును తగ్గిస్తుంది. అలుగు మీద నుండి నీరు దూకినప్పుడు గాలి కలిసి బుడగలు లేస్తాయి, పగలకుండా నిలుస్తాయి.

రెండవ కారణం శుద్ధి చేయని మురుగు. 1950లలో ఐరోపా నదులు కూడా ఇలాగే నురగలు కక్కాయి. అప్పటి డిటర్జెంట్లను నీటిలోని సూక్ష్మజీవులు అరిగించుకోలేకపోయేవి. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసి, అరిగే రకాలనే తయారుచేయాలన్నది. నేటి పొడులు చాలావరకు ఆ రకమే. అయితే వాటిని అరిగించే సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావాలి. మురుగు నిండిన చెరువులో అది మిగలదు. అందువల్ల సబ్బు అడుగు బురదలో పేరుకుపోయి, వాన నీరు కలచినప్పుడు పైకి వస్తుంది. కొన్నిచోట్ల పరిశ్రమల వ్యర్థాలూ తోడవుతాయి.

"ఇది పట్నం వారి బాధ, మనకెందుకు?" అనవచ్చు. మూసీ పుట్టింది మన వికారాబాదు అనంతగిరి కొండల్లోనే. గండిపేట చెరువులో అది తాగునీరు. నగరం దాటేసరికి మురుగు. దిగువన నల్లగొండ రైతు ఆ నీటితోనే వరి పండిస్తున్నాడు. తాండూరు పక్కన పారే కాగ్నా కర్ణాటకలో భీమానదిలో కలిసి, చివరికి కృష్ణను చేరుతుంది. ఎగువన ఉన్నవారు మనమే. మన పట్టణాలూ పెరుగుతున్నాయి.

పిడికెడు సబ్బుపొడి పాపమా? కాదు. కాని తప్పు లేనిచోట కూడా బాధ్యత ఉంటుంది. ఏ ఒక్క ఇల్లూ నురగను పుట్టించలేదు, ఏ ఇంటికీ అందులో వాటా లేకపోలేదు. పోపు ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన 'లౌదాతో సి' విశ్వలేఖలో నదులలోకి, చెరువులలోకి చేరుతున్న డిటర్జెంట్లను పేరుపెట్టి ప్రస్తావించారు. సురక్షితమైన తాగునీరు ప్రతి మనిషి ప్రాథమిక హక్కని బోధించారు.

పొడి తగ్గించి వాడటం మంచిదే. అసలు మందు మాత్రం మురుగును చెరువులో కలవకముందే శుద్ధి చేయడం. అది మునిసిపాలిటీ పని. అడగడం మన పని. జ్ఞానస్నానపు నీటిని పవిత్రంగా చూసే మనం, వీధి కాలువ నీటిని ఎవరిదో అనుకోరాదు.

కుటుంబ చర్చకు:
1. మన ఇంటి వాడకపు నీరు ఏ కాలువలో పడి, ఏ చెరువును చేరుతోంది?
2. మనం సబ్బుపొడి కొలిచి వేస్తున్నామా, చేతికి వచ్చినంత వేస్తున్నామా?
3. మురుగు శుద్ధి గురించి మన వార్డు సభ్యుని ఎప్పుడైనా అడిగామా?