ముదినేపల్లి పిన్ కోడ్‌లో ఉన్న లెక్కలు

 

మనం ఉత్తరాల మీద రాసే ముదినేపల్లి పిన్ కోడ్ 521325. మన దేశంలో పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలయింది. దీన్ని తయారుచేసినవారు శ్రీరాం భికాజీ వేలంకర్ గారు. ఒకే పేరుతో ఊళ్ళు చాలా ఉంటాయి కదా, ఉత్తరం దారి తప్పకుండా నంబరు పెట్టారు. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు. 521 అంటే ఉత్తరాలు విడదీసే ప్రాంతం. చివరి 325 పోస్టాఫీసు. 2022లో ముదినేపల్లి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. నంబరు మాత్రం మారలేదు.

ఇప్పుడు దీన్ని సంఖ్యగా చూద్దాం. అయిదు లక్షల ఇరవై ఒక్క వేల మూడు వందల ఇరవై అయిదు.

1. చివర 5 ఉంది, కాబట్టి బేసి సంఖ్య.

2. చివర 25 ఉంది, కాబట్టి 25తో పోతుంది. భాగిస్తే 20853.

3. అంకెలు కూడితే 5+2+1+3+2+5=18. కాబట్టి 9తో పోతుంది. 20853ని 9తో భాగిస్తే 2317.

4. 7తో పోతుందా? ఒక సులువు ఉంది. నంబరుని మధ్యకి విడదీయండి: 521, 325. తేడా 196. అది 7×28. కాబట్టి పోతుంది! ఎందుకంటే 1001=7×11×13. 521×1001 లోంచి 196 తీసేస్తే మన నంబరే వస్తుంది. రెండూ 7తో పోతాయి, అందుకే ఇదీ పోతుంది. 2317ని 7తో భాగిస్తే 331.

5. 331ని 2, 3, 5, 7, 11, 13, 17లతో భాగించి చూడండి. దేనితోనూ పోదు. 19×19=361 అవుతుంది, 331 దాటిపోయింది గనుక ఇంక చూడనక్కర్లేదు. అది ప్రధాన సంఖ్య.

అంటే 521325 = 3×3×5×5×7×331.

ఇక అసలు సంగతి. సంఖ్యని వదిలేసి దాని మిగతా కారణాంకాలన్నీ కూడితే మూడు రకాలు వస్తాయి. 8కి 1+2+4=7, తక్కువ. దీన్ని లోటు సంఖ్య అందాం. 6కి 1+2+3=6, సరిగ్గా సమానం. ఇది పరిపూర్ణ సంఖ్య. 12కి 1+2+3+4+6=16, ఎక్కువ. ఇది మిగులు సంఖ్య.

మన నంబరుకి మొత్తం 36 కారణాంకాలు. వాటి మొత్తం (1+3+9)×(1+5+25)×(1+7)×(1+331), అంటే 13×31×8×332=1070368. ఇందులో 521325 తీసేస్తే 549043. ఇది మన నంబరుకన్నా 27718 ఎక్కువ. కాబట్టి మిగులు సంఖ్య!

ఇందులో గొప్ప ఏమిటంటే, మిగులు సంఖ్యలు ఎక్కువగా సరి సంఖ్యలే. బేసిలో చాలా అరుదు. 1000 లోపల ఒకే ఒక్కటి ఉంది, 945. మన ముదినేపల్లి నంబరు ఆ అరుదైన జాతిలోది అన్నమాట.

సరే, బేసిలో లోటువి ఉన్నాయి, మిగులువి ఉన్నాయి. మరి సరిగ్గా సమానమయ్యే బేసి సంఖ్య ఉందా? 6, 28, 496 అన్నీ సరి సంఖ్యలే. బేసిది ఒక్కటి కూడా ప్రపంచంలో ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. లేదని కూడా ఎవ్వరూ నిరూపించలేదు. ఆ ప్రశ్న అర్థం కావడానికి మనకొచ్చిన గుణకారం, భాగహారం చాలు. జవాబు మన హాస్టలు పిల్లలకి దొరకకూడదని ఎక్కడా రాసిలేదు.

మీరు చేయండి: 945 కారణాంకాలు కూడి మిగులు ఎంతో చెప్పండి. తర్వాత మీ ఊరి పిన్ కోడ్ లోటుదా, మిగులుదా చూసి ఈ కాగితం కింద రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని