ఏరి తెరిచిన రాత్రి: చెన్నై వరదలు, ఇల్లు చేరే దారి

2015 డిసెంబరు 2వ తేదీ ఉదయం చెన్నైలో ‘ది హిందూ’ దినపత్రిక వెలువడలేదు. 1878లో పత్రిక స్థాపితమైన నాటి నుంచి వరద కారణంగా ఇటువంటిది జరగడం అదే మొదటిసారి. నగరానికి దక్షిణాన మరైమలై నగర్‌లో ఉన్న ముద్రణాలయానికి పనివారు చేరుకోలేకపోవడమే అందుకు కారణం. వరద అనగానే మునిగిన ఇళ్లే మనసుకు వస్తాయి. మునగని ఇంటిని కూడా వరద మనిషికి దూరం చేస్తుంది. ఆ వారంలో నగరంలో ఎక్కువమంది అనుభవించినది ఈ రెండవ కష్టమే. ఇల్లు ఒక ఒడ్డున, కార్యాలయం మరొక ఒడ్డున, నడుమ అడయారు.

ఆ సంవత్సరం నవంబరు నెలంతా నగరంలో వాన కురుస్తూనే ఉన్నది. చెరువులు అప్పటికే నిండి ఉన్నవి. డిసెంబరు 1 ఉదయం నుంచి మరునాటి ఉదయం వరకు తాంబరంలో సుమారు 49 సెంటీమీటర్లు, చెంబరంబాక్కంలో సుమారు 47 సెంటీమీటర్ల వర్షపాతం నమోదైంది. చెంబరంబాక్కం జలాశయం పూర్తిమట్టం 24 అడుగులు. కట్టకు ముప్పు రాకుండా నీరు వదలక తప్పలేదు. ఆ రాత్రికి విడుదల సెకనుకు 29,000 ఘనపుటడుగులకు చేరింది. ఈ అంకె సామాన్యునికి ఏమీ చెప్పదు. వేసవిలో వీధిలోకి వచ్చే 12,000 లీటర్ల నీటి లారీ నగరవాసులందరికీ తెలిసినదే. అటువంటి లారీలు సుమారు 68, ప్రతి సెకనుకూ ఖాళీ చేస్తే ఎంత నీరో అంత నీరు ఆ రాత్రి అడయారులోకి వచ్చి చేరింది.

నీటిని ముందే కొంత కొంతగా వదలవలసిందా అన్న వివాదం చాలాకాలం సాగింది. 2018లో శాసనసభ ముందుకు వచ్చిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక దానిని మానవకృత విపత్తు అన్నది. నదీతీర నివాసికి అంతకంటె అక్కరైన ప్రశ్న మరొకటి ఉన్నది: నీరు వదులుతున్నారన్న కబురుకూ, నీరు గుమ్మం దాటడానికీ మధ్య దొరికిన గంటలు ఏమైనవి?

తెలుగువారి విషయంలో ఆ గంటలు కొన్ని భాష వల్లనే పోయే ప్రమాదం ఉన్నది. తమిళంలో ‘ఏరి’ అంటే చెరువు, జలాశయం. తెలుగు చెవికి అది ‘ఏరు’ లాగా వినబడుతుంది. మన ఏరును తమిళులు ‘ఆఱు’ అంటారు. ‘ఏరి నిఱైందదు’ అన్న మాట విని ఏరు నిండిందనుకున్నవాడు వంతెన మీదికి వెళ్లి చూస్తాడు. నది సగమే ఉన్నది కదా అని ఇంటికి వచ్చి పడుకుంటాడు. ఆ మాటకు అసలు అర్థం చెరువు నిండిందని, ఇక నదిలోకి నీరు రాబోతున్నదని. ‘వెళ్ళం’ మన వెల్లువే. దానిని ‘వెల్లం’ అని తేల్చి పలికితే బెల్లమవుతుంది, జాగ్రత్త. ‘ఉబరి నీర్’ అంటే పొర్లునీరు. ‘తాళ్వాన పగుది’ పల్లపు ప్రాంతం. ‘ఎచ్చరిక్కై’ హెచ్చరికే. ‘నివారణ ముగాం’ సహాయ శిబిరం. మైకులో వినబడే ప్రకటన చాలావరకు ఈ మాటలతోనే ఉంటుంది.

మాట తెలిసిన తరువాత నీటి దారి తెలియాలి. 2015 వరద అంతటికీ చెంబరంబాక్కమే మూలమన్న అభిప్రాయం బలంగా నాటుకున్నది. అది పూర్తిగా నిజం కాదు. ఆ జలాశయపు పొర్లునీరు తిరునీర్మలై వద్ద అడయారులో కలుస్తుంది. ముడిచ్చూరు, వరదరాజపురం అంతకు ఎగువనే ఉన్నవి. అయినా అక్కడ ఇళ్ల కింది అంతస్తులు మునిగినవి. వాటిని ముంచినది ఆదనూరు, మణిమంగలం వైపు చెరువుల నీరు. కాబట్టి ముడిచ్చూరులో ఉన్నవారు చెంబరంబాక్కం మట్టం ఎంత అని మాత్రమే వాకబు చేస్తూ కూర్చుంటే ప్రయోజనం లేదు. మణపాక్కం, జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కోట్టూరుపురం వాసులకు ఆ మట్టం ప్రాణావసరమైన వార్త. వేళచ్చేరి సంగతి వేరు. అక్కడ నది లేదు. పళ్ళికరణై చిత్తడినేల ఉన్నది. ఆ నీరు ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హాం కాలువకు, అక్కడి నుంచి సముద్రానికి పోవాలి. అందువల్ల నీరు మెల్లగా వస్తుంది, అంతకంటె మెల్లగా పోతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాడు ఆ ప్రాంతాలవారికి వాన ఆగిన తరువాత కూడా పడవలే దిక్కైనవి.

నగరానికి ఉత్తరాన ఉన్న తెలుగువారు మరొక సంగతి గమనించాలి. వారి వీధుల్లోకి వచ్చే నీటిలో కొంత తెలుగునాటి నుంచే వస్తుంది. నగరి ప్రాంతంలో కుశస్థలి అనిపించుకునే ఏరు తమిళనాడులో కొసస్తలయారు. చిత్తూరు వైపు కృష్ణాపురం జలాశయం తెరిస్తే ముందు పళ్ళిపట్టు, ఆపై పూండి. పూండి తెరిస్తే నీరు ఎన్నూరు వైపు సాగుతుంది. 2021 నవంబరులో మణలి పుదునగర్ ముంపు ఈ మార్గంలోనిదే. అలాగే పిచ్చాటూరులో ఆరణియారు జలాశయం గేట్లు ఎత్తితే ఊత్తుకోట వద్ద రాకపోకలకు గండం. ఇక్కడ మాత్రం తెలుగు వార్తలు వినేవాడు పొరుగువారి కంటె ముందుగా సంగతి గ్రహించగలడు. దానిని తన వీధివారికి తమిళంలో చెప్పడం అతని వంతు.

వరద వేళ స్వగ్రామానికి వెళ్లిపోదామన్న ఆలోచన సహజం. అయితే దారి కూడా నదులను దాటుకొనే పోవాలి. 2015లో మీనంబాక్కం విమానాశ్రయంలోకి నీరు వచ్చి, ప్రయాణికుల విమానాలు డిసెంబరు 6న గాని తిరిగి మొదలు కాలేదు. ఆ లోగా కొన్ని విమానాలను అరక్కోణంలోని నౌకాదళ స్థావరం నుంచి నడిపారు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిపై అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. చెయ్యేరు కలిసేది పెన్నలోనే. మరునాడే నెల్లూరు దాటిన తరువాత పడుగుపాడు వద్ద రైలుకట్ట కోసుకుపోయింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. రైళ్లు కొన్ని రద్దయ్యాయి, కొన్ని దారి మళ్లాయి. చెన్నైలో ఉన్న కొడుక్కు నెల్లూరు అవతలి ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు, వారికి అతడూ అందని రోజులవి. ఇద్దరి ఆకాశమూ ఒకటే, మబ్బూ ఒకటే. కనుక బయలుదేరే ముందు చెన్నై వాన ఒక్కటే చూడక, పెన్న, స్వర్ణముఖిల స్థితి కూడా విచారించాలి. వాన పట్టిన తరువాత పిల్లలతో రైలు స్టేషనులో రాత్రి గడపడం కంటె ఎత్తైన వీధిలోని బంధువు ఇల్లు మేలు.

సెల్‌ఫోను మీద పూర్తిగా ఆధారపడడం కూడా 2015లో వమ్మైంది. విద్యుత్తు ఆపివేసిన ప్రాంతాల్లో టవర్లు ఒక్కొక్కటిగా మూగబోయినవి, ఏటీఎంలు పనిచేయలేదు. రోజులో ఏ వేళకు ఎక్కడ కలుసుకోవాలో, ఏ బంధువుకు కబురు చేయాలో ఇంటిల్లిపాదీ ముందుగా అనుకొన్న కుటుంబానికి ఆ మౌనం కొంత తక్కువ భయం కలిగిస్తుంది. నాలుగైదు నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోవడం పాతకాలపు అలవాటే, కాని బ్యాటరీ అక్కరలేనిది.

నీరు తీసిన తరువాత వలసదారునికి రెండవ పరీక్ష మొదలవుతుంది. 2023లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించిన 6,000 రూపాయల సహాయం రేషను దుకాణాల ద్వారా, అక్కడి కార్డుదారులకు టోకెన్లిచ్చి పంచారు. కార్డు లేనివారు ముంపు ప్రాంతంలో తాము నివసిస్తున్నామన్న ఆధారంతో అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. సొంత ఊరి చిరునామాతో ఉన్న ఆధార్ ఒక్కటే చేతిలో ఉన్నవానికి ఆ ఆధారం ఎక్కడిది? ఇంటి అద్దె ఒప్పందం, గ్యాసు రసీదు, పిల్లల బడి గుర్తింపు పత్రం వంటివి అప్పుడు అక్కరకు వస్తాయి. వీటి నకళ్లు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద ఉంచాలి, లేదా ఊళ్లో ఉన్నవారి దగ్గర ఒక ప్రతి దాచాలి. అక్టోబరు నెలలో, ఈశాన్య ఋతుపవనం రాకముందే, ఈ పని ఒక ఆదివారం పూట ముగుస్తుంది.

నగరపాలక సంస్థ ఫిర్యాదు నంబరు 1913. రాష్ట్ర విపత్తు నియంత్రణ కేంద్రం 1070, జిల్లా కేంద్రం 1077, అత్యవసర సేవలకు 112. ఫోను చేసినప్పుడు వార్డు సంఖ్య, వీధి పేరు, దగ్గరి గుడి లేదా బడి పేరు ముందుగా చెప్పాలి. నగరంలో 200 వార్డులున్నవి. ఒకే పేరుగల వీధులు ఎన్నో. తమిళం పూర్తిగా రానివారికి ఈ మూడు వాక్యాలు చాలు. ‘తణ్ణి వీట్టుక్కుళ్ళే వందుడుచ్చు’ అంటే ఇంట్లోకి నీరు వచ్చేసిందని. ‘వయసానవంగ ఇరుక్కాంగ’ అంటే వృద్ధులున్నారని. ‘పడగు అనుప్పుంగ’ అంటే పడవ పంపండని.