రత్నాలు చాలవు, దారం కావాలి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మంచి ఆటగాళ్లను హైస్కూళ్లలో వెతికి, స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చే బాధ్యతా కోచ్‌దే, ఆడించే బాధ్యతా కోచ్‌దే. అందుకే జట్టు ఓడితే అభిమానులు అతన్నే నిలదీస్తారు.

కెంటకీ యూనివర్సిటీ సంగతి చూడండి. 2009లో వచ్చిన కోచ్ జాన్ కాలిపారి ఏటా మేటి కుర్రాళ్లను తెచ్చాడు. 2012లో జాతీయ టైటిల్ గెలిపించాడు. అయితే డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో పందొమ్మిదేళ్లు నిండేవారికి, హైస్కూలు దాటి ఏడాదైతే ఎన్.బి.ఏ. తలుపు తెరుచుకుంటుంది. మేటివాళ్లు ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోయేవారు. మళ్లీ కొత్త జట్టే!

2022లో సెయింట్ పీటర్స్, 2024లో ఓక్‌లాండ్ — అంతగా పేరులేని ఈ జట్ల చేతిలో కెంటకీ జాతీయ టోర్నీ తొలి రౌండులోనే ఓడింది. అభిమానులు మండిపడ్డారు. 2024లోనే కాలిపారి ఆర్కన్సా వెళ్లిపోయాడు.

కోపం న్యాయమే. కాని ఏటా కొత్తవాళ్ల పేర్లు చూసి చప్పట్లు కొట్టిందీ ఆ అభిమానులే గదా! రత్నాలు ఏరడం ఒక విద్య, దండ గుచ్చడం మరొకటి. రెండోదానికి వ్యవధి కావాలి.