పక్కింటి హోరు, మధ్యగోడ



"ఎస్సై గారికి మీరొక్క మాట చెప్తే చాలు ఫాదర్ గారూ" అంటూ మా విచారణకు చెందిన ఒక సహోదరుడు పోయిన వేసవిలో నా దగ్గరకు వచ్చాడు. జేబులో ఫిర్యాదు కాగితం సిద్ధంగా ఉంది. ఆయన పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో రాత్రిపూట పని చేసే మనిషి. తెల్లవారి ఇంటికి చేరి, నాలుగు మెతుకులు తిని పగలే నిద్రపోవాలి. పక్కింటి కుర్రాడు పెళ్లిళ్లకు సౌండు బాక్సులు అద్దెకిస్తాడు. ఎక్కడ కార్యం ఉన్నా ముందురోజు మధ్యాహ్నం వాటిని వరుసగా పెట్టి మోగించి చూసుకుంటాడు. రెండిళ్లకూ మధ్యగోడ ఒక్కటే. "గుండెల మీద రోకలి పోటు వేసినట్టుంటుంది ఫాదర్ గారూ. నిద్ర లేక బట్టీ దగ్గర తూలితే మనిషి మిగలడు" అన్నాడు.

ఆ చివరి మాట తేలిగ్గా తీసుకునేది కాదు.

"ఆ అబ్బాయితో మాట్లాడావా?" అని అడిగాను.

"ఎన్నిసార్లో! గోడ మీదుగా అరుస్తూనే ఉన్నాను."

"అరిచావు సరే. మాట్లాడావా?"

ఆయన తల వంచుకున్నాడు. ఈ వారం మన పాఠం ఆ ప్రశ్న గురించే.

చట్టం ఆయన పక్షానే ఉంది. ఆ సంగతి ముందు తెలుసుకుందాం. హక్కు ఉందని తెలిసినవాడికి గొంతు పెంచే అవసరం తక్కువ. మన దేశంలో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 సంవత్సరంలో వచ్చాయి. ఇళ్లుండే ప్రాంతంలో శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే 10 గంటల నుండి ఉదయం 6 గంటల దాకా. ఆ వేళల్లో ఆరుబయట మైకు పెట్టకూడదు. పండుగల వంటి సందర్భాలలో అర్ధరాత్రి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు గాని, అదీ ఏడాదికి 15 రోజులు మించకూడదు. పగలైనా మైకు పెట్టాలంటే అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే మాటే సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. ఆ లెక్కన మన వంటింటి మిక్సీలు, తెల్లవారుజామున వేసే నీళ్ల మోటార్లు ఏపాటివో మీరే ఊహించుకోండి. కొలిచే యంత్రం పట్టుకుని వీధిలో నడిస్తే తప్పు లేని ఇల్లు దొరకడం కష్టం.

మరి చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు నేరుగా స్టేషనుకే వెళ్లకూడదా? వెళ్లవచ్చు. అది నేరమేమీ కాదు. కాని కానిస్టేబులు వచ్చి బాక్సు ఆపించి, బండెక్కి వెళ్లిపోతాడు. గోడ మాత్రం అక్కడే ఉంటుంది. గోడకు అటొకరు, ఇటొకరు మిగిలిపోతారు. మన ప్రాంతంలో అది అంతటితో కూడా ఆగదు. వారం తిరక్కుండా "మావాళ్లు", "వాళ్లవాళ్లు" అని రెండు వర్గాలు తయారవుతాయి. కోడిపందెం చిచ్చు చివరికి కారంపూడి రణరంగం దాకా ఎలా పాకిందో పల్నాటి బిడ్డలకు నేను చెప్పాలా?

తోమాసు అక్వినాసుగారు 13వ శతాబ్దంలో సహోదరుణ్ణి సరిదిద్దడం గురించి వ్రాస్తూ, బహిరంగ నింద కంటే ముందు రహస్యంగా చెప్పాలని వాదించారు. సెమినరీలో చదివిన రోజుల్లో ఇది మర్యాదకు సంబంధించిన విషయమే అనుకున్నాను. కాని ఆయన చెప్పిన కారణం మర్యాద కాదు. పరువు పోతుందన్న భయమే చాలామందిని తప్పు నుండి ఆపుతుంది. నలుగురిలో పరువు తీసేస్తే ఇక వాణ్ణి ఆపేదేమీ మిగలదు. బాక్సుల కుర్రాడి విషయంలో ఇది అక్షరాలా నిజం. పోలీసులు వచ్చి వెళ్లిన మర్నాడు అతడు శబ్దం పెంచితే ఆశ్చర్యపోనక్కర్లేదు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుసా ఇదే. ముందు ఒంటరిగా, తరువాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తరువాతే సంఘం ముందు.

ఒంటరిగా మాట్లాడడం ఎలాగో కాస్త వివరంగా చెప్పుకుందాం. మనం తప్పేది ఇక్కడే. శబ్దం మోగుతున్నప్పుడు వెళ్లకండి. అప్పుడు మీకు కోపం, వాళ్లకు ఉత్సాహం. చుట్టాల ముందు అడిగితే అది అవమానం. కొంచెం తాగి ఉన్నవాడితో మాట్లాడితే అది మాటే కాదు. మర్నాడు సాయంత్రం వెళ్లండి. వీధిలో నిలబడి పిలవకుండా గడప లోపలికి వెళ్లి కూర్చోండి. ఇచ్చిన మంచినీళ్లు తాగండి. "మీరు ఎప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టకండి. మీ ఇబ్బంది చెప్పండి. "మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాస్తోంది. ఈ మూడు వారాలు తొమ్మిదింటి తర్వాత కొంచెం తగ్గిస్తారా?" అంటే కాదనడం ఎవరికైనా కష్టం. "మీ గోల ఆపండి" అంటే ఔననడం ఇంకా కష్టం. ఆ ఇంటి పెద్దావిడ ఎదుట ఉంటే మరీ మంచిది. చాలా ఇళ్లల్లో ఆఖరి మాట ఆమెదే.

చేయగలిగిన పనే అడగండి. బాక్సుల్లో దబదబమనే మంద్రపు మోత గాలిలో కంటే గోడలోంచి, నేలలోంచి ఎక్కువగా ప్రాకుతుంది. మన ఇళ్లల్లో నాపరాళ్ల నేల, ఉమ్మడి గోడ. బాక్సును గోడకు రెండు మూడు అడుగులు ఎడంగా జరిపి, కింద మందపాటి రబ్బరు పట్టా వేసి, మూతి వేరే దిక్కుకు తిప్పితే కొంత తేడా కనిపిస్తుంది. మోటారు కింద కూడా అలాంటి పట్టా వేయవచ్చు. గ్రైండరుకు వేళ మార్చుకుంటే చాలు. కాని, రాళ్లు కొట్టే క్రషర్ల మోత ఇరుగుపొరుగు మాటలతో తేలేది కాదు. అది కాలుష్య నియంత్రణ మండలికి వ్రాయవలసిన విషయం.

ఇక మన సంగతి. మైకు విషయంలో పక్కింటి హోరు కొన్నిసార్లు మనమే. మద్రాసు శివారు మాధవరం వైపు ఒక పెంతెకోస్తు ప్రార్థనామందిరం వారి మైకులు, డ్రమ్ముల మీద కాలనీవాసులు ఫిర్యాదు చేస్తే, ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 ఆగస్టు 30న తీర్పు వచ్చింది. ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని న్యాయమూర్తులు తేల్చారు. ఆ సంఘం మనది కాదు గదా అని తప్పించుకోకండి. నేను ఇదివరకు పని చేసిన ఒక పల్లెలో నవదిన ప్రార్థనలకు ఉదయం 5 గంటలకే గుడి మైకు వేయించేవాణ్ణి. ఎదురింటి ముసలాయన, మన మతస్తుడు కాదు, నాలుగోనాడు కర్ర ఊతంగా వచ్చాడు. "మీ పాటలు బాగున్నాయయ్యగారూ. మా ఆవిడకు గుండె జబ్బు, తెల్లవారుజామునే కాస్త కునుకు పడుతుంది" అన్నాడు. అంతే, ఇంకొక్క మాట లేదు. నాకు సామెతల గ్రంథంలోని ఒక మాట గుర్తుకొచ్చి సిగ్గేసింది. తెల్లవారకముందే పొరుగువాణ్ణి పెద్ద గొంతుతో దీవిస్తే అది శాపంగానే లెక్కకు వస్తుందని 27వ అధ్యాయం 14వ వచనంలో ఉంది. మర్నాటి నుండి బాక్సులు గుడి లోపలే ఉంచాము. ఆయన స్టేషనుకు వెళ్లి ఉంటే బహుశా నేను హక్కుల గురించి వాదించేవాణ్ణేమో.

మంచిగా చెప్పినా వినకపోతే? ఇద్దరికీ కావలసినవారిని ఒకరిద్దరిని తీసుకెళ్లండి. మీ పక్షం వారినే తీసుకెళితే అది దండయాత్ర అవుతుంది. ఆ తరువాత లోక్ అదాలత్ ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం, కేసు వేయకముందే కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీకి అర్జీ ఇవ్వవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని అక్కడ చేసుకున్న రాజీకి కోర్టు తీర్పుకున్నంత విలువ ఉంటుంది. దానిపై అప్పీలు లేదు.

అయితే పోలీసులను పిలవక తప్పని శబ్దం ఒకటుంది. 2005 జూలై 18న సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యంపై ఇచ్చిన పెద్ద తీర్పు వెనుక ఒక దారుణం ఉంది. 13 ఏళ్ల బాలికపై అత్యాచారం జరుగుతుంటే, ఆమె కేకలు పరిసరాల్లోని లౌడ్‌స్పీకర్ల హోరులో ఎవరికీ వినబడలేదు. ఆ సాయంత్రమే ఆమె నిప్పంటించుకుని చనిపోయింది. గోడ అవతల నుండి స్త్రీ ఏడుపో, పసివాడి అరుపో, దెబ్బల చప్పుడో వినబడితే మంచినీళ్లు తాగి మాట్లాడే వేళ కాదది. వెంటనే 112కు ఫోను చేయండి. పిల్లల విషయమైతే 1098, స్త్రీల విషయమైతే 181. అక్కడ ఓర్పు పేరిట ఊరుకోవడం పాపం.

బట్టీ సహోదరుడి కథ చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. ఆయన మర్నాడు సాయంత్రం, భార్యతో కలిసి పక్కింటికి వెళ్లాడు. కుర్రాడికి ఈయన రాత్రి పని సంగతే తెలియదట! "పగలు పడుకుని ఉంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను బాబాయ్" అన్నాడట. బాక్సులు సాయంత్రం 4 దాటాకే మోగించి చూసుకుంటానని ఒప్పుకున్నాడు. పెళ్లిళ్ల ముమ్మరంలో రెండుసార్లు మాట తప్పాడు కూడా. రెండుసార్లూ ఈయన మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఇప్పుడు నెల మొదట్లో తన రాత్రి డ్యూటీల రోజులు కాగితం మీద వ్రాసి అతనికి ఇస్తున్నాడు. కుర్రాడు దాన్ని బాక్సులుండే గది తలుపుకు అంటించుకున్నాడు.