అమ్మ చేతి రుచి: బస్తర్ వంటింటి విజ్ఞానం

ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణాన, తెలంగాణ, ఒడిశా సరిహద్దులను ఆనుకుని ఉన్న అడవి ప్రాంతం బస్తర్. అక్కడి ఇంటి వంట అనగానే రెండు పేర్లు ముందుకొస్తాయి. ఒకటి మండియా పేజ్, అంటే పులియబెట్టిన రాగి జావ. మన అంబలికి దగ్గర చుట్టం. రెండోది చాప్డా, అంటే ఎర్ర చీమల పచ్చడి. పిండి అదే, నీళ్ళు అవే, కొలతలూ అవే. అయినా "మా అమ్మ చేసినట్టు రాలేదు" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఇందులో మమకారం ఎంత, రసాయన శాస్త్రం ఎంత?

రాత్రి కుండలో ఏం జరుగుతుంది?

పేజ్ కోసం రాగి పిండిని ముందురోజే నీళ్ళలో కలిపి ఉంచుతారు. పిండిలో, కుండలో సహజంగా ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా చక్కెరలను తిని ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. దాంతో పిండి పులుస్తుంది. పులుపు పెరిగే కొద్దీ ఆహారాన్ని పాడుచేసే అనేక సూక్ష్మజీవులు పెరగలేవు.

ఇంకో లాభం కంటికి కనిపించదు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అయితే రాగుల్లోని ఫైటిక్ ఆమ్లం కాల్షియం, ఇనుము, జింకులను పట్టి ఉంచి, వాటిని పేగులు పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. నానబెట్టి పులియబెట్టినప్పుడు ఫైటేజ్ అనే ఎంజైమ్ ఈ ఆమ్లాన్ని విడగొట్టి, ఖనిజాలను కొంతవరకు వదిలిస్తుంది.

మర్నాడు ఈ పిండిని మరుగుతున్న నీళ్ళలో పోస్తూ కలుపుతారు. పొడి పిండిని నేరుగా వేస్తే పైపొరలోని పిండిపదార్థం వెంటనే ఉబ్బి జిగురుగా మారి, నీటిని లోపలికి పోనివ్వదు. అందుకే ఉండలు కడుతుంది. రాత్రంతా నానిన పిండికి ఆ ఇబ్బంది ఉండదు. జావ చల్లారాక తుంబా అనే ఎండిన సొరకాయ బుర్రలో పోసుకుని పొలానికో, అడవికో తీసుకెళ్తారు. బుర్ర గోడ వేడిని తేలిగ్గా లోపలికి రానివ్వదు కాబట్టి ఎండలోనూ జావ త్వరగా వేడెక్కదు.

చేతి రుచి నిజమేనా?

2020లో వెలువడిన ఒక అధ్యయనంలో వివిధ దేశాల బేకర్లకు ఒకే రకం పిండి ఇచ్చి, పులిసిన రొట్టెకు కావలసిన ముద్దను ఎవరికి వారే తయారు చేయమన్నారు. పిండి ఒకటే అయినా ముద్దల్లోని సూక్ష్మజీవులు వేరువేరుగా వచ్చాయి. బేకర్ల చేతుల మీద లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా మామూలు కంటే చాలా ఎక్కువగా కనిపించింది. ఈ ప్రయోగం రొట్టె మీద జరిగింది, రాగి జావ మీద కాదు. అయినా పులియబెట్టే వంటల్లో "చేతి రుచి" అనే మాట ఉత్త పొగడ్త కాకపోవచ్చని ఇది సూచిస్తోంది.

చీమలిచ్చే పులుపు

చాప్డాకు వాడే ఎర్ర చీమలు చెట్ల ఆకులను దగ్గరకు లాగి, తమ లార్వాలు విడిచే పట్టుదారంతో కుట్టి గూళ్ళు కడతాయి. చీమలను, గుడ్లను మిరపకాయలు, ఉప్పుతో కలిపి రాతి మీద నూరతారు. ఘాటైన పులుపు ఫార్మిక్ ఆమ్లానిది. శత్రువు మీద చిమ్మడానికి చీమ దాచుకున్న ఆయుధమే అది. 17వ శతాబ్దంలో ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త జాన్ రే దీన్ని చీమల నుంచే వేరుచేశారు. లాటిన్‌లో ఫార్మికా అంటే చీమ, ఆమ్లానికి పేరూ అక్కడిదే. ఇవే చీమలతో ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో చేసే సిమిలిపాల్ కాయి పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించింది. చీమల్లో ప్రోటీన్ ఉందన్నది నిజమే. కానీ పచ్చడి జ్వరాన్ని తగ్గిస్తుందని చెప్పాలంటే మనుషుల మీద నియంత్రిత పరీక్షలు కావాలి.

జ్ఞాపకం ఎందుకంత గట్టిది?

మనం రుచి అనుకునే దానిలో పెద్ద వాటా వాసనదే. నమిలేటప్పుడు ఆవిరయ్యే అణువులు గొంతు వెనుక నుంచి ముక్కులోకి చేరతాయి. చూపు, వినికిడి సంకేతాలు మెదడులోని థాలమస్ అనే కూడలి దాటాకే ముందుకు వెళ్తాయి. వాసన సంకేతాలు మాత్రం ఆ మజిలీ లేకుండానే భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డాలాకు చేరతాయి. జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ కూడా ఆ పక్కనే ఉంటుంది. 

ఈ పరిచయం పుట్టుకకు ముందే మొదలవుతుంది. గర్భంతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లులు క్యారెట్ రసం తాగితే, వారి పిల్లలు క్యారెట్ కలిపిన ఆహారాన్ని తక్కువగా ముఖం చిట్లిస్తూ తిన్నారని 2001లో అమెరికా శాస్త్రవేత్త జూలీ మెనెల్లా బృందం చూపింది.

ధాన్యంతో పాటు పద్ధతి కూడా

కొన్ని దశాబ్దాలుగా దేశమంతటా చిరుధాన్యాల వాడకం తగ్గింది. వాటిని తిరిగి తేవడానికి ఛత్తీస్‌గఢ్ 2021లో మిల్లెట్ మిషన్ ప్రారంభించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. అయితే రాగులు బిస్కెట్ రూపంలో తిరిగొచ్చి, రాత్రి నానబెట్టే అలవాటు పోతే, పులియడం వల్ల కలిగే లాభం అందదు. ఆ పద్ధతి చాలావరకు పుస్తకాల్లో లేదు, పెద్దవాళ్ళ చేతుల్లో ఉంది.

చేసి చూడండి

ఎర్ర మందార రేకులను వేడినీళ్ళలో నానబెట్టి వడకట్టండి. రాగి పిండి కలిపిన వెంటనే పైన తేలిన తేట నీటిని కొద్దిగా తీసి, అందులో ఈ రసం కలపండి. మర్నాడు ఉదయం మళ్ళీ అలాగే చేయండి. రెండోసారి రంగు మరింత గులాబీగా మారితే, పిండిలో ఆమ్లం పెరిగినట్టే. పిండి ఎంత, నీళ్ళు ఎన్ని, ఎన్ని గంటలు ఉంచాలి అన్నది అమ్మనో అమ్మమ్మనో అడిగి, రంగు పక్కనే రాసిపెట్టుకోండి.