ఇరవై విడతలు, ఇరవై పేర్లు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. ఉద్యోగరీత్యా అండమాన్‌లోని మిన్నీ బేలో ఉంటున్నాను. జూన్ 15న కల్నల్ సంతోష్ బాబు గారి వర్ధంతికి మిత్రులం కలిసి ‘మర్ఫ్’ కసరత్తు చేద్దామనుకున్నాం. నాన్నగారేమో ‘పటానికి దండ వేసి దీపం పెట్టాలి గానీ ఈ పరుగులేమిటి’ అంటున్నారు. చేయొచ్చా?

జవాబు: తప్పకుండా చేయండి. నాన్నగారి మాటా నిలబెట్టండి. ముందు దీపం, తర్వాత పరుగు.

2005 జూన్ 28న అఫ్గానిస్థాన్‌లో నేలకొరిగిన అమెరికా నౌకాదళ లెఫ్టినెంట్ మైఖేల్ మర్ఫీకి ఇష్టమైన కసరత్తు ఇది. మైలు పరుగు, 100 పుల్-అప్స్, 200 పుష్-అప్స్, 300 బస్కీలు, మళ్లీ మైలు పరుగు. అదీ 9 కిలోల జాకెట్ తొడుక్కుని! మీకు ఆ జాకెట్ వద్దు. జూన్‌లో మీ దగ్గర ముసురు, ఉక్క. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తెల్లవారుజామునే మొదలుపెట్టండి, మధ్యమధ్య నీళ్లు తాగండి. కొత్తవాళ్లు సగంతో ఆపేయాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగందే దిగొద్దు. మర్నాడు ఒళ్లు విపరీతంగా నొప్పి పుట్టి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కండరాలు దెబ్బతిని ఆ ప్రభావం మూత్రపిండాల మీద పడుతుంది.

పరుగుల మధ్య భాగాన్ని చాలామంది 20 విడతలు చేసుకుంటారు. విడతకు 5 పుల్-అప్స్, 10 పుష్-అప్స్, 15 బస్కీలు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మనం పోగొట్టుకున్నదీ 20 మందినే. అందుకే స్టాప్‌వాచ్ పక్కన పెట్టి, ప్రతి విడతకు ముందు ఒక్కో అమరుడి పేరు, ఊరు పైకి చదవండి. సగం చేసేవాళ్లు కూడా ఇరవై పేర్లూ వినేదాకా ఉండాలి. సూర్యాపేట బిడ్డ, 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్ సంతోష్ బాబు గారితో మొదలుపెట్టండి. ఆయన చదివిన కోరుకొండ సైనిక్ స్కూల్ మీ జిల్లాలోదే. ఈ సంగతి చెప్పి ఆ పేర్లు చదివే పని నాన్నగారికే అప్పగించండి, కాదనరు.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అమరులను స్మరించుకోవడానికి నా వంతుగా ఏం చేయగలను?

జవాబు: మనవలను వెంటబెట్టుకుని, మోకాళ్లు ఓర్చినంత దూరం నడవండి. అండమాన్ నికోబార్‌లో 21 ద్వీపాలకు 2023 జనవరి 23న పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. రోజుకొకరి కథ చెప్పండి. వాటిలో అన్నిటికన్నా పెద్ద ద్వీపానికి పెట్టిన పేరు తొలి గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మది, ఆయనతోనే మొదలుపెట్టండి.