తూనీగల ఫొటోకి మాక్రో మోడ్ వద్దు, టెలిఫొటో వాడండి

తూనీగ కనబడగానే మనలో చాలామంది చేసే మొదటి పని మాక్రో మోడ్ ఆన్ చేయడం. దెబ్బతినేది ఇక్కడే. చాలా ఫోన్లలో మాక్రో అంటే అల్ట్రావైడ్ లెన్సే. ఐఫోన్ 13 ప్రోలో అది 2 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ చేస్తుంది. ఫోన్ అంత దగ్గరికి తెస్తే ఏ తూనీగ కూర్చుంటుంది చెప్పండి?

ఒక అసలైన పరీక్ష చూద్దాం. ఇంగ్లండ్ దక్షిణాన హాంప్‌షైర్‌లో న్యూ ఫారెస్ట్ ఉంది. పేరుకి అడవే కానీ అందులో హీత్‌లాండ్ కూడా చాలా ఉంది. అంటే హెదర్ పొదలు, గడ్డి, బురద నేలలు, మధ్యలో సన్నటి వాగులు ఉండే బయలు. యూకేలో ఉన్న మనవాళ్లు జూన్, జులైలో ఎండ కాసిన రోజు చూసుకుని వెళ్లొచ్చు. వాగు ఒడ్డు గడ్డిలో వెతకాల్సింది సదరన్ డామ్సెల్‌ఫ్లై కోసం. డామ్సెల్‌ఫ్లై అంటే సూదిలా సన్నగా ఉండే తూనీగ. మామూలు తూనీగ రెక్కలు చాచి వాలుతుంది, ఇది ఎక్కువగా మూసుకుని వాలుతుంది. పొడవు సుమారు 3 సెంటీమీటర్లే. బ్రిటన్‌లో అరుదు, 1981 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కాబట్టి పట్టుకుని చూడకూడదు, ఫొటోనే దిక్కు.

చిక్కేమిటంటే నీలం, నలుపు రంగుల్లో దీన్ని పోలినవి ఇంకా ఉన్నాయి. మగదాన్ని పట్టించేది రెక్కల మొదలు దాటగానే, పొట్ట రెండో ఖండం మీదుండే నల్ల గుర్తు. దీనికి బుధగ్రహం చిహ్నంలా ఉంటుంది, అజ్యూర్ డామ్సెల్‌ఫ్లైకి ఇంగ్లిష్ 'యు' అక్షరంలా ఉంటుంది. ఫొటోలో ఆ చిన్న గుర్తు పడకపోతే మిగతాదంతా ఎంత అందంగా వచ్చినా లాభం లేదు.

అందుకే 3ఎక్స్ టెలిఫొటోతో, అర మీటరు నుంచి మీటరు దూరంలో, కాస్త పైనుంచి తీయండి. మీ నీడ దాని మీద పడనీయొద్దు. ఇక్కడ ఫోన్ ఒక మోసం చేస్తుంది: టెలి లెన్స్ అంత దగ్గర ఫోకస్ చేయలేకపోతే, చెప్పకుండా మెయిన్ కెమెరాకి మారి క్రాప్ చేసి ఇస్తుంది. టెలి లెన్స్‌ని వేలితో మూసి చూడండి. స్క్రీన్ నల్లబడకపోతే మారిపోయినట్టే. రెండడుగులు వెనక్కి జరగండి, లేదా ప్రో మోడ్‌లో లెన్స్ ఫిక్స్ చేసుకోండి.

ఫోకస్ వెనక గడ్డి మీదికి పోతుంటుంది. ఒంటి మీద నొక్కిపట్టి లాక్ చేయండి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, లేకపోతే ఎండలో ఆ లేత నీలం తెల్లగా కాలిపోతుంది. 30ఎక్స్ జూమ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అక్కడ లేని గీతల్ని సాఫ్ట్‌వేర్ దిద్దేస్తే 'యు' ఇంకోలా మారొచ్చు. ఐరికార్డ్ యాప్‌లో పెట్టే రికార్డు తప్పయ్యేది అలాగే.

పసుపు పట్టీల గోల్డెన్ రింగ్డ్ తూనీగ వెంట పరుగెత్తొద్దు. మగది వాగు మీద అదే దారిలో తిరిగి వస్తుంది. ఒకచోట నిలబడి బర్స్ట్ మోడ్‌లో కాచుకోండి. ఫోన్‌కి తాడు కట్టుకోండి, కింద బురద లోతు పైకి తెలియదు.